బీరు అరల పరదా

వెర్నా స్టకీ చేతులు మందపాటి కాన్వాసు గుడ్డ అంచు మడిచి మిషను సూది కిందికి తోస్తున్నాయి. బల్ల అవతల ఆమె అక్క కొడుకు డెల్బర్ట్ టోపీ తీస్తూ, మళ్లీ పెట్టుకుంటూ నిలబడ్డాడు. ఊళ్లో కిరాణా కొట్టు అతనిదే.

ఆదివారం కొట్లలో మద్యం అమ్మకూడదన్నది ఇండియానాలో తాతల నాటి చట్టం. అందుకే శనివారం కొట్టు మూసేటప్పుడు బీరు అరల మీద వెర్నా కుట్టిన పరదా దించేవారు. ఈ మార్చిలో చట్టం మారింది. కబురు వినగానే డెల్బర్ట్ సంబరపడి, పడవ మీద కప్పుకోమని పరదాను పక్కింటాయనకు ఇచ్చేశాడు. ఆయన దాన్ని పడవ కొలతకు కత్తిరించేసుకున్నాడు కూడా. తెల్లారితే తొలి ఆదివారం. అమ్మకం మధ్యాహ్నం పన్నెండుకు గాని మొదలుపెట్టకూడదని అతనికి ఇప్పుడే తెలిసింది. ముందే ఒక్క సీసా అమ్మినా లైసెన్సుకు ఎసరు.

"పేపర్లో ఆదివారం అమ్మొచ్చనే పెద్దక్షరాల్లో వేశారు పిన్నీ."

"కింది చిన్నక్షరాలు ఎవరు చదువుతారు, మీ నాన్నా? ఆ కొస పట్టుకో, వదిలావంటే వంకర పోతుంది."

పాత పరదా మడవాలంటే ఇద్దరు కావాలి. పక్కకు లాగితే ముద్దంతా ఒక మూల చేరి రెండు అరలు కనిపించవు. అది ఆమెకు మొదటినుంచీ నచ్చలేదు. ఈసారి గుడ్డ వెనక వరసగా ఇత్తడి రింగులు కుట్టి, వాటిలోంచి తాడు దూర్చింది. లాగితే మడతలు మడతలుగా పైకి పోతుంది. చీకటి పడకముందే కుట్టు ముగిసింది.

ఆదివారం పొద్దున నిచ్చెనెక్కి బిగించింది. చర్చి వదలగానే జనం మంచి బట్టల్లోనే కొట్లోని సరుకుల బండ్లు తోసుకుంటూ పరదా ముందు చేరారు. పాస్టరుగారు పాలకోసమే వచ్చానని అడగనివాళ్లకు కూడా చెప్పుకున్నారు. పాలు అటువైపని ఎవరో చూపిస్తే, తొందరేం లేదన్నారు. అందరూ నవ్వారు.

వెర్నా చివరి ముడి బిగించి, చెయ్యెత్తు లాగి చూసి, మళ్లీ దించింది. రింగులు ఎక్కడా పట్టెయ్యలేదు. గోడ గడియారం ముళ్లు రెండూ కలిశాయి.

"మెల్లగా లాగు. కంగారుపడకు," అని తాడు కొస డెల్బర్ట్ చేతిలో పెట్టింది.