ఎడమ భుజం

ఆ రోజుల్లో అమీర్‌పేటలో నాలుగడుగులు వేస్తే చాలు, సాఫ్ట్‌వేర్ కోర్సుల కరపత్రాలు చేతిలో కుక్కేవాళ్ళు. అందరూ ముందు వైపు చదివేవాళ్ళు. నాకు కావలసింది వెనక వైపు. ఖాళీ కాగితం, పైగా ఊరికే! హాస్టల్ గదికి పట్టుకొచ్చి వాటి మీద మనిషి బొమ్మలు గీసేవాణ్ణి. పంజాగుట్టలో ఒక యానిమేషన్ స్టూడియో ఉండేది. అక్కడ ఉద్యోగం రావాలంటే ఎదుటి మనిషిని రెండు నిమిషాల్లో, ఎముకలూ కండలూ తప్పు పోకుండా గీసి చూపించాలి. నేను చేరిన ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ మీద అన్నీ నేర్పారు గానీ, మనిషిని నిలబెట్టి గీయించిన పాపాన పోలేదు.

అందుకని నా రూమ్మేటే నాకు మోడల్. వాడు జావా నేర్చుకునేవాడు. పొద్దున్నే స్నానం చేసి తువ్వాలుతో బయటికి రాగానే ఫోన్‌లో అలారం పెట్టి, "కదలకు" అనేవాణ్ణి.

"ఇంకెంతసేపు భాయ్? ఇంటర్వ్యూ ప్రశ్నలు సదువుకోవాలె నేను" అని సణుగుతూనే నిలబడేవాడు, పాపం. ఏడాది పాటు వాడి మెడ, వెన్ను, పక్కటెముకలు గీశాను. చివరికి తలెత్తి చూడకుండానే గీసేయగలిగాను. ఎంత గర్వమో నాకు! ఛీ, అదే నా కొంప ముంచింది.

స్టూడియోవాళ్ళు పరీక్షకు పిలిచారు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఎదురుగా నిలబడ్డారు. అందరినీ టైముకి ముందే ముగించాను. పరీక్ష పెట్టిన పెద్దాయన నా కాగితాలన్నీ బల్ల మీద పరిచి, "ఏంటండీ ఇది? అందరికీ ఎడమ భుజం కిందికి జారిపోయింది. ఎదురుగా ఉన్న మనిషిని చూస్తున్నారా అసలు?" అన్నారు. కోపంగా కూడా అనలేదు. తిట్టినా బాగుండేది.

కాళ్ళీడ్చుకుంటూ గదికొచ్చి, వాణ్ణి చొక్కా విప్పి నిలబడమన్నాను. ఎడమ భుజం కిందికే ఉంది.

"చిన్నప్పుడు చెట్టు మీదికెల్లి పడ్డ. ఎముక ఇరిగి గట్లనే అతికింది. ఏడాది సంది గీస్తున్నవ్ గద భాయ్, నీకు కనవడలేదా?" అన్నాడు.

ఆ ఎముక పేరు తెలుసు, వంపు తెలుసు. విరిగిందని మాత్రం తెలీదు. మనుషులందరికీ అలాగే ఉంటుందనుకున్నాను.

"ఫికర్ చెయ్యకు. జర ఇంకోసారి గీయి, సక్కగ నిలబడ్త" అని వాడు భుజం పైకెత్తి పట్టాడు. నొప్పికి మొహం వంకర పోతున్నా దింపలేదు. అలారం మోగింది. ఇద్దరం కాగితం చూశాం.

"గిదేంది భాయ్? నేను లేపిన గదా!"

వాడు లేపాడు. నా చెయ్యే దింపేసింది. ఆపుకోలేక వాడి ముందే ఏడ్చేశాను. తర్వాత ఆ కాగితాన్ని తిప్పి, మొదటిసారి ముందు వైపు చదివాను. టెస్టింగ్ టూల్స్, సోమవారం నుంచి కొత్త బ్యాచ్. వెళ్ళి చేరిపోయాను.