పొట్ట కింది నూగు

కౌజు పిట్టల్ని పెంచే ఆమెను వీధిలో అందరూ పిట్టలక్క అంటారు. నెల క్రితం భర్త పోయాడు. అప్పటినుంచి వదినే తోడుగా ఉంటోంది. పిట్టలక్క వంట చేసుకుంటోంది, పిట్టలకు మేత వేస్తోంది, పలకరిస్తే నవ్వుతోంది, భలే తేరుకుందంటూ చుట్టాలంతా ఒకటే మెచ్చుకోలు. దాంతో వదిన కూడా ప్రయాణానికి సంచి సర్దుకుంది.

ఆ పొద్దున షెడ్డు తలుపు తీసిన పిట్టలక్క లోపలి మూలకు పరుగెత్తింది. పిట్టపిల్లలన్నీ వెచ్చదనం కోసం ఒకదాని మీదొకటి ఎక్కి, మూలన కుప్పగా చచ్చిపడి ఉన్నాయి. రెక్కల మీద చారల ఈకలు నిండుగా కనబడేసరికి, ఇక వేడి అక్కర్లేదని నిన్న తనే బల్బు ఆర్పేసింది.

ఆయనైతే ఆర్పనిచ్చేవాడా! పిల్లను అరచేతిలో వెల్లకిలా తిప్పి, పొట్ట మీద ఉఫ్‌మని ఊదేవాడు. నూగు విడిపోయి చర్మం బయటపడితే చాలు, "రెక్కలు చూసి మురిసిపోకే పిచ్చిదానా! పైకి కనబడేవే ముందొస్తాయి" అని కసిరేవాడు.

"అయ్యో, పెద్దవైపోయాయనుకున్నామే!" అంది వెనకాలే వచ్చిన వదిన.

పిట్టలక్క చచ్చిన పిల్లనొకదాన్ని తిప్పి, ఆయనలాగే ఊదింది. ఎర్రటి చర్మం తప్ప ఏమీ లేదు.

"చూడు వదినా. పైకి చూసి అందరూ అలాగే అనుకుంటారు."

బయట ఆటో హారన్ మోగింది. వదిన గబగబా వెళ్లి దాన్ని పంపేసి తిరిగొచ్చేసరికి, పిట్టలక్క బల్బు వేసుకుని, ఆ పిల్లల పక్కనే ముడుచుకుని పడుకుని ఉంది.