సుశీల పుస్తకాలు, నేను వేసిన గేటు

నిన్న పులివెందులలో మా ఇంట్లో మామూలు ఉదయమే. వాకిలి కడిగి ముగ్గు వేశాను. నాలుగు మందారాలు కోసుకొచ్చి దేవుడి దగ్గర దీపం వెలిగించాను. పొయ్యి మీద పాలు పెట్టి, అవి కాగేలోపు స్తోత్రం చదువుకుంటున్నాను.

ఫోన్ మోగింది. జమ్మలమడుగు నుంచి మా మరిది, చెల్లెలి భర్త.

"వదినా, సుశీల మనకు లేదు."

ఏం మాటలివి అన్నాను. ముందురోజు సాయంత్రమే కదా ఫోన్‌లో నాతో నవ్వుతూ మాట్లాడింది.

నిద్రలోనే హార్ట్ అటాక్.

పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. నేను చూడనేలేదు.

సుశీల నా చెల్లెలు. గవర్నమెంట్ స్కూల్ టీచర్. మీలో చాలామందికి కథల టీచర్‌గానే తెలుసు.

పరీక్షలు దగ్గరపడితే స్కూల్లో కథల పుస్తకాల బీరువాకు తాళం పడుతుంది. ఎండాకాలం సెలవులు అయ్యేదాకా తెరవరు. అది ఆమెకు నచ్చేది కాదు. సొంత పుస్తకాలు ఇంటి వరండాలో పరిచి, ఏడాది పొడుగునా ప్రతి ఆదివారం పిల్లలకు ఇచ్చేది. చదివాక ప్రశ్నలు అడగదు. నీతి ఏమిటని అడగదు. నచ్చకపోతే సగంలోనే తెచ్చి ఇచ్చేయొచ్చు.

"బడికి సెలవులుంటాయి గానీ, కథకు సెలవులేందక్కా?" అనేది.

మా వీధి పిల్లలకు ఇమ్మని పోయిన ఎండాకాలం నాకూ ఒక అట్టపెట్టె నిండా పుస్తకాలు ఇచ్చింది.

పుస్తకమంటే నాకు సరస్వతి. అన్నిటికీ అట్టలు వేశాను. పసుపు కుంకుమ పెట్టి దేవుడి గదిలో అద్దాల అల్మారాలో సర్దాను. కాళ్ళు చేతులు కడుక్కుని వస్తేనే ఇస్తానని పిల్లలకు చెప్పాను. కొన్నాళ్ళు వచ్చారు. తర్వాత రావడం మానేశారు.

దసరాకు వచ్చిన సుశీల అల్మారా చూసి నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఏందక్కా ఇది! బుక్కులకు బొట్టు పెట్టి పేరంటానికి కూర్చోబెట్నావు. సదివేటోళ్ళు యాడ?"

"మాసిపోతాయి మే," అన్నాను.

"మాసిపోనీలే. అన్నం మెతుకు అంటుకోకపోతే అది కథల బుక్కేంది?"

నన్ను నొప్పించాలని అనలేదు. అయినా ఆ పుస్తకాలు ఇంకా అక్కడే ఉన్నాయి. రేపు తీద్దాం, ఎల్లుండి తీద్దాం అనుకుంటూనే ఉన్నాను.

నిన్న ఆదివారం.

ఫోన్ రాగానే జమ్మలమడుగు చేరుకున్నాను. సుశీలను ముందు గదిలో పడుకోబెట్టాము. ఇంటినిండా జనం. గేటు దగ్గరికి పిల్లలు వచ్చి నిలబడ్డారు. చేతుల్లో పుస్తకాలు. ముందున్న పాప పేరు అయేషా. నాలుగో తరగతి.

"అవ్వా, టీచర్‌ను చూడాల. ఈ బుక్కు కూడా ఇయ్యాల. ఈ పొద్దు మార్చుకోమనింది."

మా ఇళ్ళల్లో మైల పదకొండు రోజులు. ఆ రోజుల్లో ఇంట్లో వస్తువు బయటికి ఇవ్వం, బయటిది లోపలికి తీసుకోం. ఈ నియమాలన్నీ అందరికీ చెప్పేది నేనే.

"ఇప్పుడు కాదు నాయనా. దినాలు అయినాక రాండి," అని గేటు వేశాను.

ఆ పాప పుస్తకం పట్టుకుని వెనక్కి తిరిగింది.

పుస్తకం సంగతి సరే. వాళ్ళ టీచర్‌ను వాళ్ళకు కడసారి చూపించలేదు నేను. సుశీలను సాగనంపి, తలస్నానం చేస్తుంటే అప్పుడు తట్టింది. ఇక దానికి ఏ ప్రాయశ్చిత్తమూ లేదు.

సాయంత్రం ముగ్గురం కూర్చున్నాం. మరిది, ప్రొద్దుటూరు నుంచి వచ్చిన మా తమ్ముడు, నేను. పిల్లలను గేటు దగ్గర నుంచే పంపేసిన సంగతి చెప్పాను.

"నువ్వు గేటేస్తే ఆగే పిల్లోళ్ళా అక్కా? రేపు గోడెక్కి దూకుతారు," అన్నాడు తమ్ముడు.

మరిది పొద్దుటి నుంచి మొదటిసారి కొంచెం నవ్వాడు. తర్వాత నా వైపు చూశాడు.

"నువ్వు ఎట్ల చెప్తే అట్ల వదినా. కానీ పిల్లోళ్ళకు సెలవులు. ఇప్పుడు అలవాటు తప్పితే మళ్ళా రారు. అదే ఆమె భయం."

దేవుడి మీద భారం వేసి నా నిర్ణయం చెప్పాను. తమ్ముడు, మరిది సరే అన్నారు.

కర్మలన్నీ పద్ధతి ప్రకారమే జరుగుతాయి. వరండాకు మాత్రం మైల లేదు. ఈ పొద్దు నుంచే అక్కడ పుస్తకాలు ఉంటాయి. సెలవులు అయ్యేదాకా నేను జమ్మలమడుగులోనే ఉంటాను. ఆ తర్వాత ఆదివారాలు తమ్ముడు చూసుకుంటాడు. అయేషాను నేనే వెళ్ళి పిలుచుకొస్తాను. ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళు మీ పిల్లలకు చెప్పండి.

పోయిరా సుశీలా. నువ్వు ఎక్కడున్నా చల్లగా ఉండేలా చూడమని ఆ స్వామిని వేడుకుంటున్నాను.