నూజివీడులో చెల్లిన మాట, చెల్లని మాట

తెనాలిలో పాసింజరు ఎక్కేసరికి ఉదయం ఏడు దాటింది. ఆరింటికి రావలసిన బండి అది. ఎందుకు ఆలస్యమని ప్లాట్‌ఫారం మీద పోర్టరును అడిగితే "పాసింజరు కదండీ" అన్నాడు. కారణం అడిగినవాడికి పేరు చెప్పి పంపెయ్యడం మన దేశంలో పెద్ద పెద్దవాళ్ళకే ఉన్న అలవాటు, పోర్టరును అని లాభం లేదు. మే నెల. బండి కదిలేలోపే చొక్కా వీపుకు అంటుకుపోయింది.

నూజివీడులో సుగుణ టీచరుగారని ఒకామె ఉన్నారు. మిషను బడిలో పాఠాలు చెబుతారు. మతి చెదిరిన తల్లిని ఏళ్ళ తరబడి ఇంట్లో పెట్టుకుని చూసుకున్న మనిషి. బెజవాడ డాక్టరు ఒకాయన సాయంతో ఆమె రెండు రోజుల శిక్షణ శిబిరం పెట్టారు. మానసిక జబ్బు వచ్చి తగ్గినవాళ్ళను, వాళ్ళను కనిపెట్టుకుని ఉన్న ఇంటివాళ్ళను ఒకచోట చేర్చి, అదే బాధలో కొత్తగా పడ్డ ఇళ్ళకు వెళ్ళి తోడు నిలవడం నేర్పాలని ఆమె ఉద్దేశం. భూతవైద్యుడు తొక్కే గడప ఆ బాధ పడి లేచినవాడు తొక్కాలి. ఇంత తెలివైన మాట ఈ మధ్య నా చెవిన పడలేదు. హేతువాదినని, దయ్యాల గురించి, చేతబడి గురించి ఒక గంట మాట్లాడమని నన్ను పిలిచారు. పిలవకపోయినా మాట్లాడే విషయమే కనుక వెంటనే ఒప్పుకున్నాను.

బెజవాడ నుంచి నూజివీడుకు ఆగిరిపల్లి మీదుగా వెళ్ళే బస్సు ఎక్కాలి. బాపులపాడులో చుట్టాలుంటే తప్ప హనుమాన్ జంక్షన్ మీదుగా వెళ్ళేది ఎక్కకండి, చుట్టు. నాకు కిటికీ పక్కన చోటు దొరికింది. పక్కన కూర్చున్న పెద్దమనిషి పురుగుమందుల కొట్టు ఆసామి. టిక్కెట్టు జేబులో పెట్టుకుంటూనే పలకరించాడు.

"తోట కొనడానికాండీ?"

"కాదండీ. మానసిక జబ్బు వచ్చినవాళ్ళకి శిక్షణ ఇస్తున్నారు, దానికి వెళ్తున్నాను."

"వచ్చినవాళ్ళకి శిక్షణేంటండీ, ఆ రోగం రావడానికి కూడా తర్ఫీదు కావాలా?" అని తన మాటకు తనే నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, నా ముఖంలోకి చూసి, గొంతు తగ్గించి "తమకి ఎన్నాళ్ళబట్టి?" అని అడిగాడు.

నాకు జబ్బు లేదని, నేను ఉపన్యాసకుణ్ణని చెప్పాను. "మా మేనత్త కొడుకు కూడా అట్లాగే అనేవాడండీ" అని, ముందు సీటు ఖాళీ అవగానే లేచి అక్కడికి మారాడు. చదువుకున్నవాడే. చేతిలో ఆ రోజు పేపరు కూడా ఉంది.

ఆగిరిపల్లి దాటాక రెండు పక్కలా తోటలే. కాయల బరువుకు వంగిన కొమ్మలకు వెదురు గడలు ఊతం పెట్టారు. చెట్ల కింద వరిగడ్డి పరిచి, కోసిన కాయలను రాశులు పోస్తున్నారు. లారీ ఒకటి రోడ్డుకు అడ్డంగా తిరగబోయి ఇరుక్కుంది. అరగంట ఆగాం. కండక్టరు దిగి ఆ లారీ కాయల్లోనే రెండు రసాలు తీసుకుని, పిసికి, తిని, చేతులు కడుక్కుని ఎక్కాడు. అంతా చూస్తూ ఉండిపోయాం.

నూజివీడు చేరేసరికి పదకొండు. బస్టాండు ఎదుట లాడ్జిలో గది తీసుకున్నాను. ఫ్యాను తిరుగుతుంది కాని గాలి రాదు, అది తెలిసి వెళ్ళండి. పక్కనే ఉన్న మెస్సులో భోజనం మాత్రం బాగుంటుంది. మామిడికాయ పప్పు రెండోసారి అడగకుండానే వడ్డిస్తారు.

శిబిరం మిషను బడి హాల్లో. సెలవులు కాబట్టి బెంచీలు గోడవారకు నెట్టి చాపలు పరిచారు. సుగుణ టీచరుగారు గుమ్మంలోనే ఎదురొచ్చి "మీరొస్తున్నారని ప్రార్థన పెట్టలేదండీ, నా మనసులో నేను చేసేసుకున్నాను" అన్నారు. నేను నవ్వాను. ఆ రెండు రోజుల్లో నాకు చిరాకు తెప్పించని మనిషి ఆమె ఒక్కరే.

అసలు చిరాకు పరిచయాలతోనే మొదలైంది. జబ్బు తగ్గినవాళ్ళను ఒక చాప మీద, ఇంటివాళ్ళను ఎదురు చాప మీద కూర్చోబెట్టి, ఎవరి గురించి వాళ్ళు చెప్పండన్నారు. ఇంటివాళ్ళు లేచి ఎదుటి చాప మీదివాళ్ళ గురించి చెప్పడం మొదలెట్టారు. "మా అమ్మాయి, ఇప్పుడు పనులన్నీ చేసుకుంటుంది", "మా ఆయన, అన్నం సరిగ్గానే తింటున్నాడు". సంతలో గేదెను చూపించినట్టు. తగ్గినవాళ్ళు తలలు వంచుకుని వింటున్నారు.

నరసింహంగారనే మామిడి వ్యాపారి లేచి "మా తమ్ముడండీ. పేరు వెంకటేశ్వర్లు. దేవుడి దయవల్ల నెమ్మదిగా ఉంటున్నాడు" అన్నారు.

ఎదుటి చాప మీద నలభై ఏళ్ళ మనిషి, భుజం మీద తువ్వాలుతో, తలెత్తాడు. "నా పేరు కూడా నువ్వే చెబితే నేనేం చెప్పాలన్నయ్యా? నీ పేరు చెప్పనా?"

హాలంతా నవ్వింది. నరసింహంగారు నవ్వలేదు.

తర్వాత డాక్టరుగారు స్లైడులు వేసి మెదడు గురించి ఇంగ్లీషులో చెప్పారు. కిటికీలు మూసేశారు. చీకటి, ఉక్క. సగంలో కరెంటు పోయింది. అయినా ఆయన ఆపలేదు, చీకట్లోనే కనబడని బొమ్మను కర్రతో చూపిస్తూ సాగించారు. నేను చదువుకున్నవాణ్ణి, సైన్సును నమ్మేవాణ్ణి, నాకే లేచి పారిపోవాలనిపించింది. మన మంత్రగాడికి అర్థంకాని భాష మాట్లాడే రోగం ఉందని నేను ముప్పై సభల్లో వెక్కిరించి ఉంటాను. ఈ రోగం తెల్లకోటుకు కూడా అంటుతుందని ఆ రోజు చూశాను.

నాలుగింటికి నా వంతు. చేతబడిని చీల్చాను, తాయెత్తును తెంపాను, వేపమండల బాదుడును ఎండగట్టాను. చప్పట్లు బాగానే పడ్డాయి. ప్రశ్నలడగమంటే వెంకటేశ్వర్లు లేచాడు.

"మీరు చెప్పినవేవీ మా ఇంట్లో లేవండీ. అన్నయ్య నన్ను తిన్నగా డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళాడు. మాత్రలు ఆయనే తెచ్చిస్తాడు. జబ్బు తగ్గి మూడు కాపులు దాటాయి. కాని తువ్వాలు కింద నా చెయ్యి ఎవరూ పట్టుకోరు. చాట్రాయి దగ్గర తోటలో కాపలాకి పెట్టారు. ఇది దేని కిందికి వస్తుందండీ?"

ఇక్కడ ఆ ప్రాంతం బేరం సంగతి చెప్పాలి. నలుగురిలో తోట బేరం జరిగేటప్పుడు ధర పైకి అనరు. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలిపి మీద తువ్వాలు కప్పుకుంటారు. లోపల వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు. చుట్టూ ఎందరున్నా లోపల ఏం జరిగిందో ఆ ఇద్దరికే తెలుసు. చేతులు విడిపోయాక ఎవరూ మాట తప్పరు, లోపలి సంగతి బయటపెట్టరు. వెంకటేశ్వర్లు ఒకప్పుడు ఈ బేరంలో గట్టివాడట.

నేను అన్నగారి వైపు తిరిగి ఎందుకిలా అని అడిగాను. ఆయన నెమ్మదిగానే చెప్పారు. "వీడికి జబ్బు చేసిన ఏడు, నిద్రాహారాలు మానేసి ఊరూరా తిరిగి పూతలేని తోటలు కూడా కొనేశాడండీ. నోటికొచ్చిన రేటుకి. చెయ్యి కలిపాడు కాబట్టి అన్నిటికీ నేనే కట్టాను. మాట మాటేగా."

నాకు వాదం దొరికింది. "అయితే జబ్బులో ఇచ్చిన మాట చెల్లిందన్నమాట. కుదుటపడ్డాక ఇచ్చే మాట చెల్లదన్నమాట. ఇదెక్కడి తర్కం నరసింహంగారూ?" అన్నాను.

మళ్ళీ చప్పట్లు. నరసింహంగారు "మీరు పెద్దవారు, మాట్లాడగలరు" అని కూర్చున్నారు. అంతే. వాదంలో నేను గెలిచాను, వెంకటేశ్వర్లు మాత్రం కాపలా తోటలోనే ఉన్నాడు. సాయంత్రం లాడ్జికి నడుస్తుంటే ఎవరినైనా పట్టుకుని పోట్లాడాలన్నంత కోపం వచ్చింది. ఎవరూ దొరకలేదు.

రెండో రోజు ఆదివారం. శిక్షణలో ఆఖరి పాఠం, నిజంగా ఒక ఇంటికి వెళ్ళి మాట్లాడి రావడం. ఆగిరిపల్లి దగ్గర పల్లెలో కోటయ్య అనే రైతు భార్యకు కొన్నాళ్ళుగా బాగాలేదని, ఎవరూ చూడకుండా ఇంట్లోనే ఉంచుతున్నారని ఆ పల్లెకు వచ్చే నర్సమ్మ ద్వారా సుగుణ టీచరుగారికి తెలిసింది. ఇద్దరు వెళ్తే చాలని ఆమె అన్నారు. డాక్టరుగారు అందరూ చూసి నేర్చుకోవాలన్నారు. దాంతో జీపు నిండా జనం. పదింటికి మేం దిగేసరికి పల్లె మొత్తం కోటయ్య వాకిట్లో ఉంది.

డాక్టరుగారు అందరిముందు, పెద్ద గొంతుతో "ఎన్నాళ్ళ నుంచి మీ ఆవిడకి మతి బాగాలేదు?" అని అడిగారు.

"మా ఇంట్లో ఎవరికీ ఏం లేదు" అన్నాడు కోటయ్య, గుమ్మానికి అడ్డంగా నిలబడి. లోపలి గదికి గొళ్ళెం పెట్టి ఉంది.

"దాచుకుంటే జబ్బు ముదురుతుందయ్యా!"

"మాకేం లేదంటున్నాగా. వెళ్ళిరండి."

నా నోరు కూడా ఊరుకోలేదు, ఏదో అనబోయాను. సుగుణ టీచరుగారు నా మోచెయ్యి పట్టుకుని ఆపారు. అప్పుడు కోటయ్య కళ్ళు వెంకటేశ్వర్లు మీద పడ్డాయి. తప్పించుకోవడానికి అతనికి ఒక దారి దొరికింది.

"ఏం చినశెట్టిగారూ, మళ్ళీ తోట కొనడానికా? పోయినసారి రేటే ఇస్తారా?"

జనం గొల్లుమన్నారు. పూతలేని ఆ తోటల్లో ఒకటి ఈ కోటయ్యదేనన్నమాట.

"అంతకంటే ఎక్కువిస్తా, ముందు కూర్చో" అన్నాడు వెంకటేశ్వర్లు. తనే అరుగు మీద కూర్చుని, పక్కన చోటు చూపించాడు. నవ్వుతూనే కూర్చున్నాడు కోటయ్య. "ఆ రోజు నీ చెయ్యి పట్టుకున్నాను చూడు, అప్పటికి నేను నిద్రపోయి ఎన్నాళ్ళయిందో తెలుసా కోటయ్యా? మా ఇంట్లో కూడా అడిగినవాళ్ళకి ఏం లేదనే అన్నారు."

కోటయ్య నవ్వు ఆగింది. వెంకటేశ్వర్లు భుజం మీది తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు. తల వంచి కోటయ్య చెవిలో ఏదో అడిగాడు. జవాబుగా కోటయ్య వేళ్ళు నొక్కినట్టుంది, తువ్వాలు కదిలింది. మళ్ళీ అడిగాడు. మళ్ళీ కదిలింది. జనం అలవాటుగా రెండడుగులు వెనక్కి జరిగారు. బేరం జరుగుతుంటే దగ్గరికి రాకూడదు, అది ఆ ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నేనూ జరిగాను. ఒక ప్రశ్న దగ్గర తువ్వాలు చాలాసేపు కదల్లేదు. తర్వాత కదిలింది. కోటయ్య ముఖం పక్కకు తిప్పుకున్నాడు. తర్వాత తనే వెంకటేశ్వర్లు చెవిలో ఏదో చెప్పాడు.

చేతులు విడిపోయాయి. కోటయ్య లేచి వెళ్ళి లోపలి గది గొళ్ళెం తీశాడు. సుగుణ టీచరుగారు ఒక్కరే లోపలికి వెళ్ళారు.

ఆమె బయటికి వచ్చాక, తిరుగు దారిలో జీపులో డాక్టరుగారు నోటుపుస్తకం తెరిచారు. "ఏం చెప్పాడు? లక్షణాలేంటి?"

"చెప్పకూడదండీ" అన్నాడు వెంకటేశ్వర్లు.

"నేను డాక్టర్నయ్యా!"

"తువ్వాలు కింద మాటండీ. రేపు ఆసుపత్రికి భార్యని తీసుకొస్తానన్నాడు. మీకు ఆయనే చెబుతాడు. ఆలోపల రాత్రికి ఆమెని ఒంటరిగా వదలొద్దన్నాను. నేను పక్కనుంటేనే వస్తానన్నాడు. వస్తానని మాటిచ్చాను."

డాక్టరుగారు దారి పొడుగునా గొణుక్కున్నారు. అన్నీ తెలిసిన మనిషికి ఒక్కటి తెలియకపోతే ఎంత కష్టంగా ఉంటుందో పాపం.

బడి దగ్గర నరసింహంగారు ఎదురుచూస్తున్నారు. సంగతి విని తల అడ్డంగా ఊపారు. "రేపు కుదరదురా. చాట్రాయి తోట కోత. నువ్వక్కడ లేకపోతే కాయ మిగలదు. ఇంకెవరినైనా పంపుతారులే."

నేను ముందుకు వచ్చి గొంతు సవరించుకున్నాను. నా అవసరం పడలేదు.

"చెయ్యి కలిపానన్నయ్యా" అన్నాడు వెంకటేశ్వర్లు.

"ఎవరితో?"

"కోటయ్యతో. నలుగురూ చూశారు."

నరసింహంగారు తమ్ముడి భుజం మీది తువ్వాలు వైపు చూశారు. కండువాతో మెడ తుడుచుకున్నారు. "అయితే వెళ్ళాలి" అన్నారు. "కోతకి నేను పోతాలే. పొద్దున్నే తిని వెళ్ళు, మాత్ర మర్చిపోకు."

నిన్న నేను తర్కంతో కదిలించలేకపోయిన మనిషిని ఒక తువ్వాలు కదిలించింది. సంతోషించాలా, ఏడవాలా? ఆచారాల మీద ఇరవై ఏళ్ళుగా కత్తి కట్టిన నాకు ఇది మింగుడుపడలేదు. అయినా చూసింది చూసినట్టు రాయకపోతే నేను హేతువాదినెలా అవుతాను?

నాలుగున్నర బస్సుకు నన్ను ఎక్కించడానికి నరసింహంగారే వచ్చారు. గడ్డి పెట్టిన చిన్న బుట్టలో రసాలు తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టారు. డ్రైవరు ఇంకా టీ తాగుతున్నాడు. నేను ఉండబట్టలేక కిటికీలోంచి అడిగాను.

"నరసింహంగారూ, ఇక వచ్చే కాపుకి తోట బేరాలు కూడా ఆయనకే అప్పగిస్తారుగా?"

ఆయన ఇబ్బందిగా నవ్వారు. "అది వేరండీ."

"ఏం వేరు? అదే చెయ్యి, అదే తువ్వాలు."

"మనిషి సంగతి కాబట్టి సరేనన్నాను. కాయ సంగతి అలా కాదు కదండీ. చూద్దాం."

నేను జవాబు మొదలెట్టేసరికి డ్రైవరు ఎక్కి బస్సు కదిలించాడు. నరసింహంగారు దణ్ణం పెడుతూ వెనకబడిపోయారు. ఆగిరిపల్లి దాకా ఆ జవాబు నాలో నేనే చెప్పుకున్నాను. ఒక ఆడమనిషి ప్రాణం నమ్మి అప్పగించడానికి పనికొచ్చినవాడు, బుట్టెడు మామిడికాయలు నమ్మి అప్పగించడానికి పనికిరాడట!

నూజివీడు వెళ్ళి రండి. తోటలు బాగుంటాయి, పప్పు బాగుంటుంది, మనుషులు మర్యాదస్తులు. వెళితే వెంకటేశ్వర్లుగారిని కలవండి. తోటలో కాపలాకి ఉండకపోతే, ఎవరింటి అరుగు మీదో ఉంటాడు. ఆయనతో ఏదైనా ఒక చిన్న బేరం చెయ్యండి. తువ్వాలు ఆయనే తెస్తాడు, మీరు చెయ్యి ఇస్తే చాలు.