నాలుగు గాట్ల కొలకర్ర

మొన్న పొద్దున మా మనవరాలు మంచం కిందికి జారిపోయిన చెప్పును లాగడానికి కర్ర కోసం వెతికి వెతికి, నా పుస్తకాల బీరువా వెనక నుంచి ఒకటి బయటికి తీసింది. రెండు మూరల వేపకర్ర. చేతులు తగిలి తగిలి నున్నబడిపోయింది. ఒక పక్కన నాలుగు గాట్లు. దానితో చెప్పు లాగబోతుంటే నేను కుర్చీలోంచి లేచిన వేగం చూసి ఆ పిల్ల హడలిపోయింది. మోకాళ్ళ నొప్పులని రోజూ మూలిగే మనిషి అలా లేవగలడని దానికి తెలియదు. అది వచ్చిందే నాకొక వార్త చెప్పడానికి. బెంగుళూరులో కుర్చీలూ బల్లలూ చేసే ఒక కార్ఖానాలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్ దొరికిందట. జీతం ఉండదు, పని నేర్పుతారు, చివర సర్టిఫికెట్ ఇస్తారు. నేనూ అదే చేశానన్నాను. నమ్మలేదు. ముప్పై ఏళ్ళు వడ్రంగి కొట్టం నడిపానని తెలుసు గానీ, తాత పుట్టుకతోనే మేస్త్రి అని దాని ఉద్దేశం. మరి నీ సర్టిఫికెట్ ఏదీ అంది. నువ్వు ఇప్పుడు చెప్పు లాగబోయిన కర్రే అది, అన్నాను.

మాది ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే ఇల్లు. పంట చేతికొచ్చే సుగ్గి రోజుల్లో మా ఇంటి గాలిలోనే దూది ఉండేది. అన్నంలో, దుప్పట్లలో, మా అవ్వ కనుబొమల మీద. మా నాయన పత్తి నింపిన బోరెంలో చెయ్యి పెడితే చాలు, పీచు పొడవెంతో వేళ్ళతోనే చెప్పేవాడు. నేను ఎస్సెల్సీ పాసై, నా చెయ్యిని బోరెంలో పెట్టకుండా, ఆదివారం సాయంత్రాలు పఠనమందిరంలో జరిగే వాదసభలో గాలిలో ఊపేవాణ్ణి. గ్రహణాలను, జాతకాలను, దయ్యాలను వారానికొకదాన్ని ఓడించాను. వాటి తరఫున వాదించే భారం మా చిన్నాయన మీద పడేది. ఆయన ఓడిపోయినా నవ్వుతూనే ఇంటికి పోయేవాడు. అదే నాకు మంట. ఒక ఆదివారం నేను, పని పుట్టుకతో రాదనీ, వ్యాపారి కొడుకు చేతికి ఉలి నప్పదని ఏ ఎముక మీద రాసి ఉందో చూపించాలనీ గంటసేపు గర్జించాను. చప్పట్లు మోగాయి. అవి ఆగేదాకా ఓపికగా కూర్చుని, చిన్నాయన వెనక బెంచీ నుంచి, "బాగా సెప్పినావురా అబ్బీ. యాదీ, నీ చేతులు సూపియ్యి" అన్నాడు.

నా చేతుల మీద సిరా మరక తప్ప ఏమీ లేదు. సభ సభంతా నవ్వింది. ఆ కోపంలో, వడ్రంగం నేర్చుకుని వస్తానని అందరి ముందూ చెప్పేశాను. కోపంలో తీసుకున్న నిర్ణయాలు మంచివి కావంటారు. నా బతుకులో పనికొచ్చిన నిర్ణయాలన్నీ నేను కోపంలో తీసుకున్నవే.

మా నాయన అరవలేదు. వ్యాపారస్థుడు కదా, షరతు పెట్టాడు. "ఉగాది దాకా సూస్తా. నీ చేత్తో చేసిన వస్తువొకటి పరాయోళ్ళు వాడుకోవల్ల. మన ఇంటోళ్ళు కాదు. లేదంటే వచ్చి మండీలో కూర్చో." ఇంటివాళ్ళను తీసేయడానికి కారణం ఉంది. అంతకు ముందురోజే నేను పాత పెట్టె చెక్కలతో ఒక పీట చేశాను. నాలుగు కాళ్ళలో మూడే నేలకు ఆనేవి. మా అవ్వ దాని మీద కూర్చుని అటూ ఇటూ ఊగుతూ, పల్లకీలో పోతాండట్లుందని మెచ్చుకుంది. అవ్వ సాక్ష్యం చెల్లదని నాయన తీర్పు.

విజయదశమి వెళ్ళిన మర్నాడు బస్సెక్కి ఎమ్మిగనూరు పోయాను. మగ్గాల ఊరు. పొద్దున్నే వీధిలో నడిస్తే రెండు పక్కలా ఇళ్ళలోంచి టకటకమని చప్పుడు వస్తూనే ఉండేది. కొన్నాళ్ళకు ఆ చప్పుడు ఆగితేనే వినిపించేది. మగ్గాలు చేసే మేస్త్రి ఒకాయన కొట్టంలో చేరాను. పొట్టి మనిషి, చెవిలో ఎప్పుడూ బీడీ, అది ఎప్పుడూ వెలిగించనిది. ఆయన తన కులం కానివాణ్ణి ఎలా చేర్చుకున్నాడని చాలామంది అడిగారు. అప్పుడే కర్నూలు రాజధాని అయింది. ఆఫీసులకు బల్లలూ బీరువాలూ కావాలని వడ్రంగులు అటు పరుగెత్తారు. ఆయన అల్లుళ్ళిద్దరూ వెళ్ళిపోయారు. పెద్ద రంపానికి రెండు పిడులుంటాయి. రెండో పిడి పట్టేవాడు లేక ఆయన దిగులుగా కూర్చున్న రోజున నేను దిగాను. కులం మీద నేను చేసిన ఉపన్యాసాలన్నీ కలిసి సాధించలేనిది కర్నూలు ఆఫీసుల బల్లలు సాధించాయి.

మొదటి నెలంతా చెక్కపొట్టు ఊడ్చాను, ఉలులు నూరాను, రంపం లాగాను. లాగడం అంటే నాకు తెలిసింది ఒక్కటే, గట్టిగా లాగడం. ఆయన పని ఆపి, "ఇది వాదం కాదప్పా. నేను లాగేటప్పుడు నువ్వు వదలల్ల" అన్నాడు. ఆ ఒక్క మాట నా సంసారంలో కూడా పనికొచ్చింది. టేకు పొట్టు వాసన, చెక్కలతికే సరేసు కాచే గిన్నెలోంచి వచ్చే కంపు, చిత్రిక పడుతుంటే చెక్క మీంచి పొడుగ్గా చుట్టుకుంటూ లేచే పొరలు. ఇన్నాళ్ళూ పుస్తకాల్లో ఎందుకు కూర్చున్నానా అనిపించింది. అరచేతిలో మొదటి కాయ కాసిన రోజున దాన్ని చిన్నాయనకు ఎలా చూపించాలా అని రాత్రి పడుకోబోయేదాకా ఆలోచించాను.

వాదాలు మానలేదు. అమావాస్య నాడు వడ్రంగులు పని ముట్టుకోరు. అది మూఢాచారమని, చంద్రుడు కనబడకపోతే ఉలికి ఏమి నష్టమని నాలుగు పేజీల వ్యాసం రాసి మేస్త్రికి చదివి వినిపించాను. ఆయన శ్రద్ధగా విని, "అంతా నిజమే. కానీ నెలకొక దినం పండుకునేదానికి ఇదొక్కటే సాకు. నువ్వు దీన్ని తీసేస్తే నాకు సెలవు ఎవరిస్తారు?" అన్నాడు. ఆ వ్యాసాన్ని నేను ఎక్కడికీ పంపలేదు. మర్నాడు అమావాస్య. సుష్టుగా తిని నేనూ నిద్రపోయాను.

ఇక కర్రల సంగతి. కొట్టం గోడకు వరసగా కొలకర్రలు వేలాడుతుండేవి. మగ్గం చేయించుకునే ప్రతి మనిషికీ ఒక కర్ర. మేస్త్రి ఆ మనిషిని పీట మీద కూర్చోబెట్టి, మోకాలి నుంచి పాదానికి ఎంత, తొడ ఎంత, చెయ్యి చాస్తే ఎంతదాకా అందుతుంది, కూర్చుంటే భుజం ఎంత ఎత్తులో ఉంటుంది అని చూసి నాలుగు గాట్లు పెట్టేవాడు. చదువు రాదు గానీ, ఏ కర్ర ఎవరిదో చీకట్లో తడిమి చెప్పేవాడు. నాకు అది వెనకబాటుతనంగా తోచింది. అడుగులూ అంగుళాలూ ఉండగా గాట్లేమిటి? నా సంచీలో బళ్ళో వాడిన అడుగుబద్ద ఉండేది. దాన్ని కత్తిలా భద్రంగా దాచుకున్నాను.

మా కొట్టం ఎదురింట్లో ఒక అక్క ఉండేది. ముప్పై ఏళ్ళుంటాయేమో. భర్త పోయి ఏడాది. ఆయన మగ్గాన్ని ఆయన తమ్ముడు తీసుకున్నాడు. ఆ వీధిలో ఆడవాళ్ళు నూలు కండెలు చుట్టాలి, మగవాళ్ళు నేయాలి. అక్క ఏడో ఏట నుంచీ ఇతరుల మగ్గాలకు కండెలు చుడుతూనే ఉంది. కానీ భర్త భోజనానికి లేచిన ప్రతిసారీ తలుపు దగ్గరికేసి జానెడు జానెడు నేసి, పని నేర్చేసుకుంది. ఇప్పుడు సొంతంగా నేసుకుని బతకాలని, కృష్ణగిరిలో పుట్టింటి పాత ఇల్లు విప్పినప్పుడు తన వాటాకు వచ్చిన రెండు టేకు దూలాలను బండి మీద తెప్పించుకుని, కూర్చుని నేసే చట్రం మగ్గం చేసిపెట్టమని మేస్త్రిని అడిగింది. ఆ కొయ్య పాడైతే మళ్ళీ తెచ్చుకునే దారి ఆమెకు లేదు.

వీధి పెద్దలు ఊరుకోలేదు. ఆడమనిషి మగ్గమెక్కితే వీధిలో పడుగులన్నీ తెగుతాయన్నారు. నాకు పండగ వచ్చినట్టయింది. మగ్గం మీద ఎక్కిందెవరో చూడటానికి పడుగుకు కళ్ళున్నాయా అని, వీధి మధ్య నిలబడి వారం రోజులు వాదించాను. ఆడ మగ అన్నిటా సమానమే అన్నాను. చివరికి వాళ్ళు విసిగిపోయి, సరే, ఎక్కనీ, చూస్తాం అన్నారు. సరిగ్గా అప్పుడే మేస్త్రి కూతురికి కాన్పు వచ్చి ఆయన కోడుమూరు వెళ్ళాల్సి వచ్చింది. అప్పటికి ఆయనతో కలిసి నాలుగు మగ్గాలు చేసి ఉన్నాను. "అక్కను కూర్చోబెట్టి గాట్లు పెట్టుకో, తర్వాత రంపం ముట్టుకో" అని చెప్పి బస్సెక్కాడు.

నేను గాట్లు పెట్టలేదు. ఇక్కడ నా తర్కాన్ని పాఠకులు గమనించాలి. ఆడ మగ సమానం. కాబట్టి ఆడమనిషికి వేరే కొలత ఇవ్వడం ఆమెను తక్కువ చేయడం. అందుచేత గోడ మీది కర్రల్లో మూడు మగవాళ్ళవి తీసి, అడుగుబద్దతో కొలిచి, సగటు లెక్క కట్టాను. ఆడమనిషి మోకాలు కొలవడానికి సిగ్గుపడ్డానన్నది అసలు కారణం కావచ్చు. కానీ సిగ్గుకు కూడా సిద్ధాంతం తొడగడం నాకు బాగా వచ్చు. నీకు వేరే కొలత అక్కర్లేదక్కా, మగవాళ్ళ మగ్గమే నీకూ అని గర్వంగా చెప్పాను. ఆమె ఒక్క క్షణం నన్ను చూసి, "అట్లనా" అని మళ్ళీ కండె చుట్టుకుంది.

పన్నెండు రోజులు తిండి ధ్యాస లేకుండా పనిచేశాను. ఉగాదికి ఎనిమిది రోజులుందనగా మగ్గం నిలబెట్టాను. ఒక చెక్క కొనను సన్నగా చెక్కి ఇంకో చెక్క బెజ్జంలో దించే అతుకులు, ఒక్కటంటే ఒక్కటి కదల్లేదు. అవ్వ పీటకూ దీనికీ పోలికే లేదు. మధ్యాహ్నం వీధంతా చూడ్డానికి వచ్చింది. ఆ పొద్దునే కోడుమూరు నుంచి దిగిన మేస్త్రి కూడా వచ్చి ఓ పక్కన నిలబడ్డాడు. అక్క కొంగు దోపుకుని, మగ్గం ఎక్కి పీట మీద కూర్చుంది.

ఆమె పాదాలు తొక్కుడు చెక్కలకు జానెడు పైన గాలిలో వేలాడాయి. చెయ్యి చాస్తే పేకను కొట్టే పలక వేళ్ళ కొసలకు కూడా అందలేదు. ఒక వీధి పెద్ద, పడుగు తెగేదాకా కూడా పోలేదే అన్నాడు. నా వాదన, నా ఉగాది గడువు, అన్నిటికన్నా ముందు ఆమె పుట్టింటి కొయ్య, మూడూ ఒక్కసారిగా నా కళ్ళ ముందు కూలిపోయాయి. అప్పుడు అక్క గాలిలో కాళ్ళు ఊపుతూ నాకేసి చూసి, నింపాదిగా అంది: "అందరూ సమానమని సెప్పినావు గదప్పా. ఆ సంగతి నా కాళ్ళకు ఎవురూ సెప్పలేదు."

ముందు నవ్వింది మేస్త్రి. తర్వాత వీధంతా. ఆఖరికి ఆ వీధి పెద్ద కూడా. ఆ నవ్వులో ఎగతాళి లేదని అర్థం కావడానికి నాకు కొంతసేపు పట్టింది. మేస్త్రి లోపలికి పోయి కొత్త వేపకర్ర ఒకటీ, ఉలి ఒకటీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. తిట్టలేదు. "పెద్దది చేసి మంచి పనే చేసినావు. కోసి చిన్నది చేయొచ్చు. చిన్నది చేసింటే పొయ్యిలోకే" అన్నాడు. నేను కర్ర పట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాను. అక్క పాదం ముందుకు చాపింది. "కొలువప్పా. వీధంతా సూస్తాండాది. సిగ్గుపడేది నువ్వొక్కనివే."

కొలిచాను. నాలుగు గాట్లు పెట్టాను. రెండో గాటు పెడుతున్నప్పుడే నా బుర్రకు తట్టింది, ఈ కర్రే అసలైన శాస్త్రమని. నా అడుగుబద్దకు అంగుళాలు తెలుసు గానీ అక్క తెలియదు. పరీక్షించకుండా నమ్మడం మూఢత్వమని ఊరంతా చెప్పినవాణ్ణి, సమానత్వాన్ని పరీక్షించకుండా నమ్మాను. సమానంగా నేయాలంటే మగ్గం వేరుగా ఉండాలి. ఇంత చిన్న మాట ఏ వాదసభలోనూ నాకు దొరకలేదు.

మగ్గం కాళ్ళు కోసి, బెజ్జాలు కొత్తగా కొట్టి, పలకను దగ్గరికి జరపడానికి మేస్త్రీ నేనూ ఆరు రోజులు చేశాం. ఆయన లాగినప్పుడు నేను వదిలాను, నేను లాగినప్పుడు ఆయన వదిలాడు. ఉగాదికి ముందురోజు అక్క మళ్ళీ కూర్చుంది. పాదాలు చెక్కల మీద ఆనాయి. పేక నూలు మోసే నాడె అటు నుంచి ఇటు పరుగెత్తింది. వీధిలో ఒక్క పడుగూ తెగలేదు. ఇన్నాళ్ళూ వినీ వినీ నాకు వినపడకుండా పోయిన ఆ టకటకల్లో కొత్త చప్పుడు ఒకటి కలిసింది, నేను దాన్ని విడిగా విన్నాను.

సరిగ్గా ఆ సమయానికి మా నాయన నన్ను తీసుకుపోవడానికి బస్సు దిగి వచ్చాడు. గొడుగు చంకలో పెట్టుకుని గడప దగ్గర నిలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ దూది అమ్మినవాడు, అది గుడ్డ కావడాన్ని అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదనుకుంటాను. అక్క నేసిన నాలుగు వేళ్ళ మేర గుడ్డను ముట్టుకుని, బోరెంలో పత్తిని చూసినట్టు వేళ్ళ మధ్య నలిపి చూశాడు. తర్వాత ఈ మగ్గం మావాడు చేసిందేనా అని అడిగాడు. అక్క నాడె ఆపకుండానే, "రెండుమార్లు చేసినాడప్పా" అంది.

నాయన ముఖంలో నవ్వు రావడానికి కొంత దూరం ప్రయాణం చేయాల్సి వచ్చేది. ఆ రోజు వచ్చింది. నాతో, "పండక్కి ఇంటికి రా. అవ్వ పీట ఇంకా ఊగుతాండాది. బాగుచేసి, మర్నాడు బస్సుకే ఈడికి వచ్చేయి" అన్నాడు. వాదసభలో నాకు అంతకు మించిన గెలుపు ఎప్పుడూ రాలేదు. పండగ నాడు నా చేతులు చిన్నాయన ముందు పెట్టాను. ఆయన అరచేయి తడిమి, ఈసారి ఓడిపోయానని ఒప్పుకున్నాడు, ఎప్పటిలాగే నవ్వుతూ. అవ్వ మాత్రం పీట బాగుచేయనివ్వలేదు. ఊగకపోతే దాని మీద కూర్చుని ఏం లాభమంది.

ఎమ్మిగనూరు వదిలి సొంతంగా కొట్టం పెట్టుకున్న రోజున మేస్త్రి గోడ మీంచి ఆ కర్ర తీసి నాకిచ్చాడు. ఇదంతా విని మా మనవరాలు దాన్ని తన మోకాలి పక్కన నిలబెట్టుకుని చూసుకుంది. దాని మోకాలు మొదటి గాటుకు రెండు వేళ్ళు పైకి వచ్చింది. బెంగుళూరు తీసుకుపోతానంది, ఇచ్చేశాను. కాలం నా జ్ఞాపకాలన్నిటి మీదా చిత్రిక పట్టి చాలా ముఖాలనూ మాటలనూ నున్నగా చేసేసింది. ఆ నాలుగు గాట్లను మాత్రం అది ఇంతవరకూ ముట్టుకోలేదు.