మద్దిలేటి ఆలుగడ్డల చేను

మా కాలేజీలో మద్దిలేటన్న అంటే గేటు మనిషి. అతని చేను చూసేదాకా నేనూ అంతే అనుకున్నాను. ఆ చేను అరచేతిలో పట్టేది. ఎందుకంటే అది ఫోన్లో ఉండేది.

నేను వనపర్తిలో ఒక డిగ్రీ కాలేజీ లైబ్రరీలో పని చేస్తాను. పేరు కళావతి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని పిల్లలు చెప్పుకుంటారు. పేజీలు మడతపెట్టి పుస్తకం తిరిగిచ్చినవాళ్లు అలా చెప్పుకోక ఏం చేస్తారు? వేసవి సెలవుల్లో మాత్రం కోప్పడదామన్నా మనుషులుండరు. అప్పుడే ఒక ఆట మొదలుపెట్టాను. చిన్న పచ్చటి దీవి, దాని మీద మట్టి మడులు. వేలితో తాకితే విత్తనం పడుతుంది, కాసేపటికి పంట వస్తుంది. ఆ పంటకు డబ్బుగా మార్చుకునే నాణేలిస్తారని చాలామంది ఎగబడ్డారు గానీ, నాకు అందులోని కోళ్లు నచ్చాయి. ఒక మధ్యాహ్నం గేటు గదిలో ఫ్యాను కింద కూర్చుని ఆడుతుంటే మద్దిలేటన్న తొంగి చూశాడు.

"ఏంది చెల్లె, ఎవుసం చేస్తున్నవా?"

అతని ఫోన్లోనూ ఆట పెట్టిచ్చాను. ఇందులో భూమి బ్లాక్‌చెయిన్ మీద ఉంటుందని చెప్పాను. ఒకే దస్త్రాన్ని వేల కంప్యూటర్లలో రాసిపెడతారనీ, అందులో ఒకసారి ఎక్కితే ఇక ఎవరూ చెరపలేరనీ వివరించాను. అతను నవ్వాడు.

"పట్టా పాసుబుక్కు ఇచ్చిననాడు గూడ గట్లనే చెప్పిన్రు."

అతని రెండెకరాలు రిజర్వాయరు కింద పోయాయని నాకు తెలుసు. మా వైపు అది కొత్త సంగతి కాదు కాబట్టి ఎప్పుడూ ఏమీ అడగలేదు. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

"పల్లి లేదా ఇందుల?" అన్నాడు ముందుగా. పొద్దుతిరుగుడు, గుమ్మడి, క్యారెట్, గోధుమ అన్నీ ఉన్నాయి, వేరుశనగ ఒక్కటే లేదు. చాలాసేపు ఆలోచించి ఆలుగడ్డ ఎంచుకున్నాడు. "ఇది గూడ భూమిలోపల ఊరేదే గద," అన్నాడు. ఇక ఎప్పుడు చూసినా ఆలుగడ్డలే. ఒక్క మడి మాత్రం ఖాళీగా వదిలేవాడు. నేలకు జర ఆరాం కావాలట. ఫోన్లో నేల అలసిపోదని ఎంత చెప్పినా వినలేదు. మర్నాడు ఇంకో మడికి ఆరాం.

ఆ రెండు నెలల మధ్యాహ్నాలు నాకు ఇప్పటికీ నిద్రలో గడిచినట్టే అనిపిస్తాయి. బయట రోడ్డు ఎండకు నీళ్లలా మెరిసేది. ఫ్యాను తిరిగీ తిరగనట్టు తిరిగేది. మద్దిలేటన్న కళ్లు సగం మూసుకుని, ఫోను ఒళ్లో పెట్టుకుని, ఆకులు పెద్దవవుతుంటే చూస్తూ కూర్చునేవాడు. అప్పుడప్పుడు గాలి పీల్చి, "తడి మట్టి వాసనొస్తుంది," అనేవాడు. నిజం చెప్పొద్దూ, నాకూ వచ్చేది.

"కలొస్తది చెల్లె, రిజర్వాయరు నీళ్లల్లకు దిగి నడుస్త," అన్నాడొకసారి. "చేను గట్లనే ఉంటది. సాళ్ల నడుమ చేపలు పోతుంటయి. ఒక్క చెట్టు గూడ వాడిపోలే. పీకుదామని వంగుత. మెలకువొస్తది."

ఆటలో అప్పుడప్పుడు తెర మీద ఒక పెట్టె తెరుచుకునేది. మొదటిసారి అది ఏమిటని అడిగాడు. సంతకం అడుగుతోందని చెప్పాను. నిజానికి ఒక బొత్తాం నొక్కితే చాలు. అతని ముఖం మారిపోయింది. పెట్టె మూసేశాడు. ఆ తర్వాత అది ఎన్నిసార్లు వచ్చినా అంతే, ఈగను తోలినట్టు తోలేవాడు. నేను పట్టించుకోలేదు. అప్పటికి నాకు నా దీవి మీద మోజు తీరిపోయింది కూడా.

జూన్ మొదటి శుక్రవారం అతని ఫోన్లో ఇంగ్లీషులో పెద్ద ప్రకటన ఒకటి వచ్చింది. చదివిపెట్టమని నా చేతికిచ్చాడు. ఆటను కొత్త చోటికి మారుస్తున్నారు. ఈ సాయంత్రం ఆరులోపు సంతకం పెట్టనివాళ్ల భూమి ఉండదు. ఇన్నాళ్లూ సంతకం పెట్టలేదు కాబట్టి అతని చేను ఆ చెరగని దస్త్రంలోకి ఎక్కనే లేదు.

"ఏం మనిషివన్నా నువ్వు! ఒక్క బొత్తాం నొక్కనీకి ఏమైతది నీకు?" అని అరిచాను. నా కోపం సంగతి తెలిసిందే కదా.

మద్దిలేటన్న స్టూలు మీద కూర్చున్నాడు. అప్పుడు చెప్పాడు.

"భూములు రాయించుకోనీకి ఊర్ల టెంటేసిన్రు, కుర్సీలేసిన్రు. మా ఊరోళ్లల్ల సంతకం వచ్చినోళ్లు తక్కువ. నన్ను ముందు గూసోవెట్టిన్రు. నేను గొలుసుకట్టు అచ్చరాలతోని మంచిగ పెట్టిన. మద్దిలేటే పెట్టిండు, మనకేంది అని అందరు ఎనక ఏలిముద్రలేసిన్రు. పంట చేతికొచ్చినంకనే నీళ్లిడుస్తమన్నరు. పల్లి పీకుడుకు పది రోజులుండె. నీళ్లు ముందే వచ్చినయి."

"ఇది గా సంతకం గాదన్నా. ఇది పెడితెనే భూమి ఉంటది," అన్నాను.

"నాడు గూడ పెడితెనే మంచిదన్నరు." తర్వాత అడిగాడు, "ఎంతసేపుంది?"

"అరగంట."

"ఆలుగడ్డలెప్పుడైతయి?"

చూశాను. ఇంకో పావుగంట పడుతుంది. ఇద్దరం ఎదురుచూశాం. అతను బయట కుండ దగ్గరికి పోయి చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని వచ్చాడు. ఆకులు పెద్దవయ్యాయి, పండాయి. అతను మొదటి మడిని తాకాడు. గడ్డలు పైకి వచ్చాయి.

"ఆ గట్టు దిక్కు నువ్వు పట్టు చెల్లె."

ఒకే ఫోను మీద అటు నుంచి అతనూ ఇటు నుంచి నేనూ పీకాం. అతను తొందరపడలేదు. చివరికి ఆరాం ఇచ్చిన ఖాళీ మడిని కూడా ఒకసారి తాకాడు. అక్కడ ఏమీ లేదు, ఊరికే తాకాడు.

ఆరుకు రెండు నిమిషాలుండగా పెట్టె మళ్లీ తెరుచుకుంది. ఫోను నా చేతికి దగ్గరగా ఉంది. నొక్కేద్దామనుకున్నాను. అబద్ధమెందుకు, వేలు బొత్తాం దాకా వెళ్లింది. మద్దిలేటన్న నన్ను ఆపలేదు, చూస్తూ ఉన్నాడు. ఆ చూపు ముందు నా వేలు వెనక్కి వచ్చేసింది. అతను పెట్టె మూశాడు.

ఆరైంది. తెర మీద ఒక చక్రం తిరిగింది. మడులు పోయాయి, గట్టు పోయింది. తెరంతా తెల్లగా మిగిలింది. అతను దాన్ని కాసేపు చూసి ఫోను చొక్కా జేబులో వేసుకున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఒక ఆట కోసం ఇంతగా ఏడుస్తానని నేనెప్పుడూ అనుకోలేదు.

"ఏడుస్తవేంది చెల్లె?" అన్నాడు మద్దిలేటన్న. "ఈపారి నీళ్లొచ్చేలోపల పీకుకున్నం గద."