రుచి చూడకూడని శుక్రవారం

ఈస్టర్ పండగకు నిండు పిజ్జా చేయడం ఇటలీలో మా ఇర్పీనియా కొండల్లో ఏ ఆడదానికైనా వచ్చు. పంది కొవ్వు వేసి పిండి మర్దించి, లోతు పళ్ళెంలో ఒక పొర పరిచి, గుడ్లూ, పచ్చి జున్నూ, ముదురు గొర్రె జున్నూ, ఎండు సాసేజి ముక్కలూ కలిపిన ముద్ద అందులో నిండుగా పోసి, పైన ఇంకో పొర మూసి, వీధి చివరి ఉమ్మడి పొయ్యికి పంపితే అయిపోయింది. చిక్కంతా ఉప్పుతోనే. ఆ ముద్ద కలిపేది గుడ్ ఫ్రైడే నాడు. ఆ రోజు మాంసం, గుడ్డు, జున్ను నాలిక మీద పడకూడదు. శనివారం మధ్యాహ్నం చర్చి గంటలు మోగేదాకా వేలు నాకినా పాపమే. సాసేజిలోనూ ఉప్పుంటుంది, జున్నులోనూ ఉప్పుంటుంది. రుచి చూడకుండా పైన ఎంత వెయ్యాలో ఎలా తెలుస్తుంది, మీరే చెప్పండి!

మా పిండిమర వీధిలో ఆ చిక్కు తీర్చేది జెరార్దా ముక్కు. శుక్రవారం పొద్దున్నే తొమ్మిది ఇళ్ళ ఆడవాళ్ళు తలా ఒక గిన్నె పట్టుకుని ఆమె గుమ్మం ముందు నిలబడేవారు. జెరార్దా గడప దగ్గర కుర్చీ వేసుకుని, గిన్నె ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, గుడ్ల సొనలో మునుగుతుందేమో అన్నంత దగ్గరగా ముక్కు పెట్టి ఒక్కసారి గట్టిగా పీల్చేది. "సరిపోయింది" అనో, "ఇంకా పడాలి" అనో, "నీ చేతులు పడిపోను, ఎంత వేశావే!" అనో తేల్చేసేది. ఉప్పుకు వాసనేమిటని పట్నం వాళ్ళు నవ్వేవారు. నవ్వితే నవ్వారు, వాళ్ళకేం తెలుసు? సాసేజి ఎన్ని నెలలు ఎండిందో, జున్ను ఎంత ముదిరిందో ఆ ముక్కు పట్టేసేది. ఉప్పు సంగతి దాని వెంటే తెలిసిపోయేది.

ఈ పేరు ఆమెకు కాపురానికొచ్చిన ఏడే వచ్చింది. అప్పుడామెకు పందొమ్మిదేళ్ళు. అత్తగారు కలిపిన ముద్ద వాసన చూసి, "అత్తయ్యా, ఇందులో ఉప్పు రెండుసార్లు పడింది" అంది. అత్తగారు కర్ర పట్టుకుని లేచింది. రెండడుగులు వేసి ఆగింది. పక్కింటావిడతో మాటల్లో పడి నిజంగానే రెండుసార్లు వేసింది మరి. కర్ర గోడకు ఆనించి, ఆ సాయంత్రం ఆ మాట వీధంతా ఆవిడే చెప్పుకొచ్చింది. అప్పటి నుంచీ దాదాపు నలభై ఏళ్ళు ఆ కుర్చీ జెరార్దాదే.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన ఏడేళ్ళకి, ఆ జనవరిలో, ఆమెకు జ్వరం తగిలింది. పది రోజులకు జ్వరం పోయింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. కాఫీ వేడినీళ్ళలా ఉండేది. వెల్లుల్లి నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏదో గులకరాయి పట్టుకున్నట్టే ఉండేది. తన పేరిటి పునీతుడు జెరార్దోకి కొవ్వొత్తులు వెలిగించింది, ఆవిరి పట్టింది, తుమ్ములొస్తాయని మిరియాలు పీల్చింది. తుమ్ములు వచ్చాయి, వాసన రాలేదు. పీపాలు చేసే మొగుడు పెల్లెగ్రీనోకి కూడా ఈ మాట చెప్పలేదు. ఎలా చెబుతుంది? ఆమెకు చదువు లేదు, పొలం లేదు, చర్చిలో పాడదామంటే గొంతు లేదు. ఏడాదికొక్క పూట వీధంతా తన మాట కోసం నిలబడుతుంది. ఆ పూట కూడా పోతే తనకింకేం మిగిలిందని ఆమె భయం.

గుడ్ ఫ్రైడే రానే వచ్చింది. అందరికన్నా ముందు దిగింది ఆడపడుచు అదోలోరాతా. పెల్లెగ్రీనో చెల్లెలు, అదే వీధిలో కాపురం. ఐదుగురు పిల్లల తల్లి, నోరు మాత్రం పదిమందికి సరిపోతుంది.

"ఏం వదినా, ఇంకా కుర్చీ వెయ్యలేదు? ముసలితనం వచ్చేసిందేంటి?"

"వస్తే ఇద్దరికీ వచ్చినట్టే. నాకన్నా నాలుగేళ్ళేగా చిన్నదానివి! ఇటు తే గిన్నె."

జెరార్దా కళ్ళు మూసుకుని పీల్చింది. ఏమీ లేదు. ఇంకోసారి పీల్చింది. గోడకు ముక్కు ఆనించినట్టే ఉంది. అదోలోరాతా నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తోంది. ఎప్పుడూ వంక పెట్టే వదిన ఈసారి సరిపోయిందంటే దానికి వెంటనే అనుమానం వస్తుంది. ఆ కంగారులో చిటికెడు అనబోయి, "ఇంకో గుప్పెడు పడాలి" అనేసింది.

"గుప్పెడా!"

"గుప్పెడే. నీ జున్ను చప్పగా ఏడ్చింది."

అదోలోరాతా ఆమె వంక ఒక్క క్షణం వింతగా చూసి, గిన్నె చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. గుప్పెడు ఉప్పు పడితే ఆ పిజ్జా కుక్క కూడా ముట్టదు. ఐదుగురు పిల్లల పండగ. వెనక్కి పిలుద్దామనుకుంది, కానీ పిలిస్తే ముక్కు సంగతి బయటపడుతుంది. లోపలికి పోయి, పొయ్యికి వీపు పెట్టి, కోపమంతా పిండి మీద చూపిస్తూ మర్దించసాగింది.

అంతలో నీళ్ళ కడవతో కోడలు నున్సియా పరుగెత్తుకొచ్చింది.

"అత్తయ్యా! శనగలు!"

"శనగలకేమైందే?"

నున్సియా గుడ్డతో పట్టుకుని పొయ్యి మీది కుండను దింపింది. ఉపవాసం పూట మధ్యాహ్నానికి పెట్టుకున్న శనగలు అడుగంటి బొగ్గులైపోయాయి.

"మాడు వాసన బావి దాకా వచ్చింది. మీరేమో రెండడుగుల్లో ఉన్నారు." ఆ పిల్ల కడవ కింద పెట్టి అత్తగారి ముఖంలోకి చూసింది. "ఎన్నాళ్ళ నుంచి?"

"ఏది ఎన్నాళ్ళ నుంచి?"

"అత్తయ్యా!"

జెరార్దా పిండి చేతులతోనే ముఖం కప్పుకుంది. "జనవరి నుంచి. ఎవరికైనా చెప్పావో, నీ పీక నులిమేస్తాను."

నున్సియా సముద్రం ఒడ్డు పిల్ల. ఆ ఇంటికొచ్చి పధ్నాలుగు నెలలైంది. వెల్లుల్లి ఎంత వెయ్యాలన్న దగ్గర నుంచి దుప్పట్లు ఎలా మడవాలన్నదాకా అత్తాకోడళ్ళకు పడేది కాదు. అలాంటి పిల్ల ఇప్పుడు బల్ల దగ్గరికి వెళ్ళి, అత్తగారు కలిపిన ముద్దలో వేలు ముంచి చప్పరించింది.

"ఒసేయ్! ఒసేయ్, నీకు మతి పోయిందా! గుడ్ ఫ్రైడే కదే! ఇల్లంతా నరకానికి పోవాలా నీ వల్ల?"

"ఉప్పు కొంచెం పడాలి. నరకమేం లేదు, నాకు ఉపవాసం లేదు. ఫాదర్‌గారే చెప్పారు, నాలాంటి వాళ్ళకి ఏ రోజూ ఉండదట."

"నీలాంటి వాళ్ళేమిటి? సముద్రం ఒడ్డు వాళ్ళకి వేరే దేవుడున్నాడా?"

నున్సియా నవ్వి పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "మూడో నెల. మీ అబ్బాయి రేపు రోడ్డు పని నుంచి వస్తాడు కదా, ముందు ఆయనకి చెబుదామని ఆగాను."

జెరార్దా కోడలి ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని ముద్దులు పెట్టింది, పిల్ల ముఖమంతా పిండి. కాసేపు ఏడ్చింది, కాసేపు నవ్వింది. అప్పుడు ఉన్నట్టుండి ఆగింది. "అయితే... నువ్వు రుచి చూడొచ్చన్నమాట."

"చూడొచ్చు. పొద్దుటి నుంచీ కడుపులో తిప్పుతోంది గానీ, మీకోసం చూస్తాను."

అలా కుదిరింది వాళ్ళ రహస్యం. బయట గాలికి వాసన చెదిరిపోతోందని చెప్పి జెరార్దా వచ్చిన గిన్నెనల్లా లోపలికి మోసుకుపోయింది. తలుపు వెనక నున్సియా చెంచాతో రుచి చూసి అత్తగారి చెవిలో తీర్పు చెప్పేది. జెరార్దా బయటికొచ్చి, తనే కనిపెట్టినట్టు ముఖం పెట్టి, దాన్ని నాలుగు తిట్లతో కలిపి వినిపించేది. వాకిట్లో పీపా బద్దలు చెక్కుతున్న పెల్లెగ్రీనోకి ఇదంతా విడ్డూరంగా ఉంది.

"నలభై ఏళ్ళుగా లేని గాలి ఇవాళే వచ్చిందేమే?"

"నీ నోట్లోంచి వచ్చేదే, మూసుకో!"

ఐదు గిన్నెలు సాఫీగా సాగిపోయాయి. ఆరో గిన్నె దగ్గర పచ్చి గుడ్డూ, పంది మాంసమూ కలిసి పాపం నున్సియాకి కడుపు తిరిగింది. ఆ ఇంటికి ఉన్నది ఒక్కటే వాకిలి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆడవాళ్ళందరి మధ్య నుంచీ దూసుకుపోయి, కాలవ మీద వంగింది.

వీధి దద్దరిల్లింది. "ఎన్నో నెలే?" "అందుకేనా బుగ్గలు అలా ఉన్నాయి!" "పెల్లెగ్రీనో, తాతవయ్యావు పో!" పెల్లెగ్రీనో చేతిలో బద్ద జారి కాలి మీద పడింది. కుంటుతూనే పెళ్ళాన్ని కావలించుకున్నాడు.

ఆ గోల విని అదోలోరాతా కూడా పరుగున వచ్చింది. నున్సియాను ముద్దు పెట్టుకోబోయి ఆగి, ఆ పిల్ల మూతిని వేలితో తుడిచి చూసింది.

"ఇది జున్ను కదా. మా గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నా, గిన్నె లోపలికి పట్టుకెళ్ళింది వదినైతే, జున్ను దీని మూతికెందుకు అంటుకుంది?"

నవ్వులు తగ్గాయి. నున్సియా చటుక్కున అంది: "ఆశపడి నేనే వేలు పెట్టాను. అత్తయ్యకి తెలీదు."

ఆ అబద్ధం చక్కగా అతికేది. కడుపుతో ఉన్న పిల్ల ఆశపడితే ఎవరేమంటారు? జెరార్దా కుర్చీ జెరార్దాకే ఉండేది. కానీ ఆమెకు కళ్ళముందు గుప్పెడు ఉప్పు కనబడుతోంది. అదోలోరాతా పిజ్జా ఈపాటికి పైపొర మూసి, గుడ్డు సొన పూసి సిద్ధంగా ఉంటుంది.

"అది నన్ను కాపాడాలని అబద్ధమాడుతోంది" అంది జెరార్దా. "నా ముక్కు పోయింది. జనవరిలోనే పోయింది. గిన్నెలన్నీ అదే రుచి చూసింది. అదోలోరాతా, నీది మాత్రం చూడలేదు. నీ గిన్నెలో నాకు ఏ వాసనా రాలేదు, గుప్పెడని నోటికొచ్చింది వాగాను. పొయ్యికి పంపకు. ఇంట్లో డజను గుడ్లున్నాయి, మొత్తం తీసుకుపోయి మళ్ళీ కలుపుకో. తప్పైపోయిందే, మరదలా."

అదోలోరాతా తెల్లబోయింది. "నేనెక్కడ వేశాను?"

"ఏది?"

"ఆ గుప్పెడు. నువ్వు చెప్పిన ఉప్పు నేనెప్పుడు వేశాను గనక? పెళ్ళయి ముప్పయి ఏళ్ళు, ఒక్క ఏడూ వెయ్యలేదు."

జెరార్దా ముఖం ఎర్రబడింది. "మరెందుకే ఏటేటా గిన్నె మోసుకుని చస్తావు?"

"ఎందుకేమిటి? అందరూ ఇక్కడుంటే నేనొక్కదాన్నీ ఇంట్లో కూర్చుని గోడల్ని చూస్తూ ఏడవనా? నీతో నాలుగు తిట్లు తినకపోతే నాకు పండగొచ్చినట్టే ఉండదు."

వెనక నుంచి ఒకావిడ, "నువ్వు చెప్పినదాంట్లో నేను సగమే వేస్తాను" అని గొణిగింది. ఇంకొకావిడ, "నేను మొత్తం వేస్తానమ్మా, ఒట్టు" అంది. మూడో ఆవిడ తన గిన్నెలోకే చూస్తూ ఉండిపోయింది.

"దొంగముఖాల్లారా!" జెరార్దా మండిపడింది. "నలభై ఏళ్ళు నా ముక్కును మీ గిన్నెల్లో ముంచారు కదర్రా! పొండి, మీకూ వద్దు, నాకూ వద్దు. ఉప్పు ఆ పిల్లనడగండి, ఉపవాసం లేనిది అదే." కుర్చీ ఎత్తి లోపల పెట్టబోయింది.

వరసలో చివరిది లిబెరా మామ్మ, ఎనభై రెండేళ్ళు. గిన్నె పట్టుకుని నిలబడీ నిలబడీ మోకాళ్ళు పీకుతున్నాయి ఆవిడకు. చేతికర్ర కుర్చీకి అడ్డం పెట్టింది.

"ఎక్కడికే ఆ కుర్చీ? నా గిన్నె ఇంకా చూడలేదు."

"నాకేం తెలీదు, మామ్మా. ఇంతసేపూ చెప్పిందేమిటి? వాసన రాదు."

"వాసన రాకపోతే రాకపోయింది. పండగ పూట బతిమాలించుకుంటావేం? కూర్చో!"

జెరార్దా అందరి వంకా చూసింది. ఎవరూ కదల్లేదు. అదోలోరాతా కుర్చీ లాక్కుని, గౌను అంచుతో దులిపి, గడప దగ్గర మళ్ళీ వేసింది. నున్సియా చెంచా పట్టుకుని ముందుకు రాబోతే, మామ్మ ఆ పిల్ల చేతి మీద ఒక్కటి వేసింది. "నువ్వు పోయి పడుకో, కడుపుతో ఉన్నదానివి."

గిన్నె జెరార్దా ఒళ్ళోకి వచ్చింది. ఆమె కళ్ళు మూసుకుని, వంగి, గుండె నిండా పీల్చింది. ముక్కుకు ఏమీ తగల్లేదు. అయినా ఎంత సంతోషంగా ఉందంటే, తల ఎత్తితే ఏడుపు కనిపిస్తుందేమోనని ఇంకాసేపు అలాగే వంగి ఉండిపోయింది.

"త్వరగా చెప్పవే, అవతల పొయ్యి చల్లారిపోతోంది" అంది మామ్మ.

"బాగుంది, మామ్మా" అంది జెరార్దా. "చాలా బాగుంది."

మామ్మ గిన్నె తీసుకుని, తృప్తిగా తల ఊపుకుంటూ ఇంటికి వెళ్ళిపోయింది.